రివర్స్ గేరుకు కలిపిన తీగ

మధ్యాహ్నం మట్టి ఎత్తే లోడరు బండి దిగిన డ్రైవరు నేరుగా ఎలక్ట్రీషియన్ షెడ్డులోకి వచ్చాడు. ఎలక్ట్రీషియన్ తన సొంత అక్క మొగుడే కాబట్టి మొహమాటం లేదు. బావ చొక్కాకి అంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

“బావా, దగ్గర్లో మనిషి ఉంటే కూసే ఆ పెట్టె పీకెయ్. అన్నం తినొచ్చి రివర్స్ వేస్తే చాలు, రోజూ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. దిగి చూస్తే పురుగు కూడా ఉండదు.”

“నువ్వు దిగొచ్చేసరికి లేచెళ్లిపోతాడులే.”

“ఎవడు?”

“నేనే. మధ్యాహ్నం ఈ షెడ్డు రేకులు కాలిపోతాయి. కునుకు తియ్యడానికి నీ బండి వెనక చక్రం పక్కన తప్ప యార్డులో ఇంకెక్కడా నీడ లేదు.”

డ్రైవరు తల తిప్పి బయట లోడరు వెనక చక్రం వైపు చూశాడు.

“అసలది తాళం తిప్పగానే పనిచెయ్యాలిగా? పెట్టెతో వచ్చిన కాగితంలో అలాగే రాశారు.”

“రాశారు. నేనే రివర్స్ గేరుకి కలిపాను.”

“ఎందుకు?”

“బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఊరికే ఉంచుతావు కదరా. ఇంజను మోతకి అలవాటు పడ్డాను. అంతసేపూ ఆ కూత కూడా వింటే నిద్రెలా పడుతుంది?”

డ్రైవరు జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

“తాళానికే కలుపు బావా. కలిపేదాకా బండి కదలదు. అక్కకి నేను మొహం చూపించుకోవాలి.”