నూట అయిదులో వచ్చిన ముఖం

ముందుగదిలో కిటికీ పక్కన ఆయనగారు లెన్సులన్నీ మెత్తటి గుడ్డ మీద పరుచుకుని తుడుస్తున్నాడు. ఆవిడ బడికి బయలుదేరి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకెన్నాళ్ళండీ తేల్చడం? నేను పెద్ద టీచరునైనప్పుడు ఎండలు, ఇప్పుడు వానలు. నాకు ముందు చేసినవాళ్ళందరి ఫోటోలూ బడి గోడ మీదున్నాయి. నా చోట ఉత్త మేకుంది."

"తేలిపోయింది."

"ఏది తేలింది?"

"లెన్సు."

"నేనడిగింది ఫోటో."

"లెన్సు తేలితే ఫోటో తేలినట్టే. యాభై ఎమ్మెమ్ లెన్సు పనికిరాదు. దగ్గరికొస్తే నీ ముక్కు పెద్దదైపోతోంది."

"నా ముక్కు పెద్దదే."

"మరీ అంత కాదులే. ఇక నూట ముప్పై అయిదు..."

"దాని ఊసెత్తకండి. దూరం చాలదని నన్నిక్కడ కూర్చోబెట్టి మీరు పోయి రోడ్డు మీద నిలబడ్డారు. పోలీసుల్ని పిలవమంటారా అని దారినపోయేవాళ్ళు నన్నడిగారు."

"అందుకే వద్దనుకున్నా. ఎనభై అయిదు మంచిదే గానీ, ఏదో వెలితి."

"వెలితి లెన్సులో కాదులెండి. వీధి చివర స్టూడియోలో దిగొస్తే చిటికెలో అయ్యేది."

"ఇన్నేళ్ళుగా రీలు కెమెరాతో ఫోటోలు తీస్తున్నవాడి పెళ్ళాం స్టూడియోకి పోయి దిగుతుందా? నా తల ఎక్కడ పెట్టుకోను?"

"ఆ కెమెరా వెనకాలే పెట్టుకోండి, అలవాటేగా. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ గోడ మీద ఉండాలని నాకు ఆశగా ఉంది. ఇవాళ ఫ్రేము కట్టేవాడు బడికొస్తాడు. ఇవ్వండి."

"ఇదిగో, నూట అయిదు. మీ చెల్లెలు వచ్చినప్పుడు పొద్దున్నే కూర్చోబెట్టి తీశాను చూడు, ఆనాటిది... ఏం, అంత పరీక్షగా చూస్తున్నావు?"

"చూడాలిగా. మీరే చెప్పండి, ఇందులో ఏం బాగుంది?"

"ఎడమ కన్ను చూడు. భూతద్దం పెట్టి మరీ చూశాను. రెప్ప వెంట్రుకలు దువ్వినట్టున్నాయి. వెనక గోడ ఉందో లేదో తెలియకుండా కరిగిపోయింది."

"కన్ను సరే. ముఖం?"

"ముఖం సంగతేగా చెబుతున్నా. పెదవి చివర ఆ నవ్వు, ఆపుకుంటున్నట్టు. ఇన్నేళ్ళ కాపురంలో నీ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు."

"నేనూ చూడలేదు."

"మరదే లెన్సు మహిమ. వయసు కూడా తగ్గింది."

"ఆరేళ్ళు తగ్గింది."

"అబ్బో, లెక్క కూడా కట్టావూ? ఆ రోజు నువ్వు కూడా బుద్ధిగా ఉన్నావులే. గడ్డం దించమంటే దించావు. ఎదురు మాట లేదు. రోజూ అలా ఉంటే ఎప్పుడో తేల్చేవాణ్ణి."

"మీ కళ్ళజోడు తీసేసేగా ఫోటో తీశారు?"

"జోడుంటే కెమెరా ఫైండర్‌కి కన్ను ఆనదని నీకెన్నిసార్లు చెప్పాలి?"

"అంటే కెమెరా పక్కనుంచి ఒక్కసారైనా తల బయటపెట్టి నా వంక చూడలేదు."

"ఎందుకు చూడాలి, అంతా ఫైండర్లో కనిపిస్తుంటే? అదేంటి, ఫోటో బల్ల మీదే పెట్టేసి ఎక్కడికి?"

"స్టూడియోకి. మీరు రీలు మార్చుకుంటుంటే, బడికి వేళయిందని ఆ రోజు నేను లేచి వెళ్ళిపోయానండీ."

"వెళ్ళిపోతే... మరి ఇందులో..."

"మీ మరదలు. గోడకి తగిలించడానికి అదేమీ మా బడిలో పనిచేయలేదు."