కామా తర్వాత

పొద్దున పది దాటింది. ముందు గదిలో రిటైరైన ప్రూఫ్‌రీడరు పేపరు పైకి చదువుతున్నాడు. ఎదురుగా అతని భార్య బీన్స్ తుంచుతోంది.

"మంత్రివర్గంలో చీలిక, కామా, రాజీనామాకు సిద్ధపడిన ముగ్గురు, ఫుల్‌స్టాప్. వింటున్నావా?"

"వింటున్నానండీ."

"ఈ ముగ్గురూ మహానుభావులు. నేనంటున్నాను."

"అవునండీ."

"అవునా? మీ పార్టీకి వెన్నుపోటు పొడిచినవాళ్ళు మహానుభావులా?"

"మీరన్నారుగా."

"నేనంటే? నలభై ఏళ్ళలో నేనన్నదానికి ఒక్కసారైనా తలూపావా? పోలింగు బూత్ దాకా ఇద్దరిదీ ఒకే గొడుగు. లోపలికెళ్ళి నేనొక ఓటేస్తే, వెనకే వచ్చి అవతలి పార్టీకేసి దాన్ని కొట్టేసేదానివి. ఇప్పుడేమో తానా అంటే తందానా."

"అప్పుడంటే వయసులో ఉన్నాం."

"నీళ్ళు నమలకు."

"నమలట్లేదు. బీన్స్ తుంచుతున్నాను."

"మొన్న నవల చదివి వినిపించాను. గుర్తుందా?"

"ఉంది."

"దాని ప్రూఫులు మనమే చూశాం. నువ్వు రాతప్రతి పైకి చదువుతుంటే నేను ప్రూఫు దిద్దాను. కామా కూడా వదలకుండా చదివేదానివి. అలాంటిదానివి, ఆఖర్న కథలో పిల్ల చచ్చిపోయే దగ్గర ఇంక చదవలేక ప్రతి మూసేశావు. మొన్న కావాలనే మార్చి చదివాను. పిల్ల బతికిందని, పెళ్ళి కూడా అయిందని. నువ్వేమన్నావు?"

"బాగుందన్నాను."

"బాగుందా?"

"బతికితే బాగుంటుందిగా."

"సరే, అది వదిలెయ్. నిన్న నా కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికింది. ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టుంటాను."

"స్టవ్వు ఆర్పకుండా వదిలేసింది?"

"నేనే."

"చూశావా. ఒక్క మాటన్నానా? అననుగా. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పింది నేనే, మీ అమ్మకి మతి జారిపోతోందని. డాక్టరు నిన్నూ అమ్మాయినీ లోపలికి పిలిచి, నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఏమన్నాడు?"

"కంగారు పడొద్దన్నాడు."

"మరి ఆటోలో ఎందుకేడ్చావు?"

"కంట్లో దుమ్ము పడింది."

"దుమ్మేనా?"

"టీ పెట్టనా?"

"టీ వద్దు, కూర్చో. నాకు భయంగా ఉందే. ఎదురుగానే ఉన్నావు, కానీ నువ్వు కాదు. నువ్వు తప్పు పట్టుకుంటేనేగా నేను దిద్దేది? ఈ ఇంట్లో నాది తప్పు అనేవాళ్ళే లేకపోతే, ఒప్పేదో నాకెలా తెలుస్తుంది?"

"అలా మాట్లాడకండి."

"మళ్ళీ చదువుతాను. ఒక్క తప్పు పట్టుకో. ఒక్కటి చాలు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"అయ్యో, అంత మాటెందుకండీ. లేవండి, స్నానానికి నీళ్ళు కాగాయి."

"ఒక్క తప్పు."

"చెబితే మళ్ళీ లేచి వెళ్ళిపోకూడదు."

"మళ్ళీ ఏమిటి? ఎప్పుడు వెళ్ళిపోయాను?"

"ఎప్పుడూ లేదు. చదవండి."

"మంత్రివర్గంలో చీలిక, కామా, రాజీనామాకు..."

"తేదీ వదిలేశారు."

"ఏమిటి?"

"పైన తేదీ ఉంది. తేదీ చూడకుండా ప్రూఫు ముట్టుకోకూడదని నన్ను తిట్టేవారు. ఇప్పుడు మీరే వదిలేశారు."

"పట్టుకున్నావు. పట్టుకున్నావే. నాకు తెలుసు, నువ్వెక్కడికీ పోలేదు. ఇంకా అను. ముసలి వెధవా, కళ్ళు కనబడట్లేదా అను."

"చదవండి."

"చదువుతాను, చదువుతాను. ఆదివారం, కామా, జూన్ పద్నాలుగు, కామా..."

"కామా తర్వాత?"

"సంవత్సరం తప్పు పడింది. అచ్చుతప్పు. రాత్రి డ్యూటీవాడు నిద్రపోయుంటాడు."

"ఇంకోసారి చూడండి."

"అచ్చుతప్పే. నువ్వు చెప్పు. అచ్చుతప్పేగా? అవునండీ అనవేం?"

"అచ్చుతప్పు కాదండీ. ఎప్పటిదో పాత పేపరది. ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు కూడా. కొత్త పేపరు ఒక్క ముక్క అర్థం కావట్లేదని మీరు ఏడుస్తుంటే చూడలేక, రోజూ ఇదే మీ చేతికిస్తున్నాను. మిమ్మల్ని దేనికీ కాదనొద్దని డాక్టరు చెప్పాడు. పొద్దుట్నుంచి మీరు దీన్ని చదవడం ఇది నాలుగోసారి."