పాత బడికి అడ్డం నిలబడినోడు

"ఒరే గిరీ, ఆటో ఆడ పెట్టి కూసోరా. ఎదురుగా ఆ పాత బడి ఈ పొద్దు నిలబడి ఉండాదంటే ఎవురి వల్ల? ఈ కుప్పయ్య వల్ల! నూరేండ్ల గోడలబ్బా అవి. పిల్లోళ్లు కొత్త బడికి పోయినాంక పదేండ్లు ఊరికే పడుండె. కూలగొట్టి లాడ్జి కడదామని కొందరు, కుట్టుమిషన్లు పెట్టుకుంటామని ఈ టీకొట్టు సుభాన్‌బీ వాళ్లు, ఊరు రెండుగా చీలిపాయ. పంచాయతీ తేల్చకముందే పోయిన నెల జేసీబీ వచ్చేసినాది. నువ్వు తిరపతి బాడుగకు పోయుంటివి, నీకు తెలీదు. నేను పోయి దానికి అడ్డం నిలబడి 'ఆపప్పా' అనినా. ఆపేసినాడు."

"ఒక్క మాటకేనా?" అన్నాడు గిరి.

"నా గొంతు అట్లాంటిది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవరు మొండోడు, నేను ఇట్లా తిరగ్గానే గోడకు ఒక్కటి పెట్టినాడు. పండ్లన్నీ రాలిపోయినాయి!"

"డ్రైవరువా?"

"బకెట్టువిరా! బెల్లం నీళ్లు, కరక్కాయ పోసి గానుగలో తిప్పిన సున్నం అది. ఇంకోటి తెచ్చినారు, దానివీ రాలె. ఆరు జేసీబీలు! రాలిన పండ్లు నాలుగు గంపలకెత్తినా. ఆ మోతకు సూళ్లూరుపేట కాడ రాకెట్టు ఎగరేసేవోళ్లు లెక్కపెడతా లెక్కపెడతా మూడు కాడ ఆపేసి, జీపులేసుకోని ఈడికే వచ్చినారు. 'కుప్పయ్యా, పిడికెడు సున్నం ఇస్తే రాకెట్టుకు పూసుకుంటామప్పా' అని నా సేతులు పట్టుకున్నారు. ఇస్తానా? సుభాన్‌బీ మిషన్లకని పెట్టినాం, పోండని సెప్పినా. దండం పెట్టి పోయినారు!"

గిరి నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టినాడు. సుభాన్‌బీ టీ వడపోస్తా తలెత్తింది.

"అయిందా కుప్పయ్యన్నా? వచ్చింది ఒకటే జేసీబీ. గోడను ముట్టుకోనే లేదు. నాలుగో తరగతి గదిలో సాప పరుసుకోని నువ్వు గురక పెడతా ఉంటే ఆ డ్రైవరు ఎట్లా కూలగొడతాడు? అరగంట లేపినాడు, నీళ్లు గూడా సల్లినాడు. నువ్వు కండ్లు తెరిసేలోపల మేము ఇరవై మందిమి పోయి వాకిట్లో కూసున్నాం."

"అయితే నిద్రలో కాపాడింది మాత్రం నేనే గదా!" అన్నాడు కుప్పయ్య, ఏమాత్రం తగ్గకుండా.

"అది నిజమేలే అన్నా. నువ్వు పండుకోకపోతే మాకు బడి లేదు. నిన్న పంచాయతీలో గూడా తేలిపాయ, మాకే ఇచ్చినారు." సుభాన్‌బీ మొఖమంతా నవ్వు. "సోమవారం మిషన్లు దింపుతారు, ఆ నాలుగో తరగతిలోనే. సాప తీసేసుకో."

కుప్పయ్య టీ సగం తాగి మెల్లిగా అడిగినాడు, "మధ్యాన్నం ఒక్క గంట ఆపుతారా, మ్మా?"

"నీ మాటకు ఆరు జేసీబీలు ఆగుతాయేమో గానీ అన్నా, మా మిషన్లు ఆగవు" అనింది సుభాన్‌బీ.