వల కింద సీసా

(గౌతమి పాయ మధ్యలో ఇంజిను ఆగిపోయిన చేపల పడవ. పడవ లోవరాజుది. పక్కన బావ దొరబాబు.)

“ఛీ! ఏంటి బావా ఈ కంపు? ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన రావాలి గానీ ఈ నీచేంటి?”

“చేపల పడవలో మల్లెపూల వాసన వస్తాదేంట్రా లోవరాజూ? తాడు లాగు, తాడు లాగు.”

“లాగను. పెట్రోల్లో ఆయిలు సరిగ్గా కలవకపోతే పిస్టను పట్టేసుంటాది. ఈ వేడి మీద లాగితే ఉన్నదీ పోద్ది. ఈ ఇంజిను పోతే పడవ అమ్ముకోవడమే బావా.”

“ఆయిలు కలిపింది నువ్వేగా?”

“నేనే. పది లీటర్లకి క్వార్టరు సీసాడు. అక్క రోజూ ఇంటికాడే కొలిచి తెచ్చి పడవలో పెడతాదిగా, ఆ సీసా.”

“బల్ల కిందదా... వల కిందదా?”

“ఏమో, తెల్లారకముందు, చేతికి తగిలింది తీశాను. జిడ్డుగానే ఉంది. ఎందుకలా చూస్తావ్?”

“అబ్బే. ఐసు కరిగిపోతంది, చూసుకో.”

“బావా.”

“పండుగప్పలు ఎంత బాగా పడ్డాయో...”

“బావా! వల కింద ఏం పెట్టావ్?”

“బ్రాందీ. కొంచెమే. మీ అక్క ముట్టుకోకుండా సీసా చుట్టూ ఆయిలు పూశాను. ఎలా ఉంది నా బుర్ర?”

“థూ! నీ బుర్ర తగలెయ్య! నా ఇంజినుకి బ్రాందీ పట్టించావా?”

“పోసింది నువ్వు, నష్టం నాది. అసలే ఈమధ్య యానాం సరుకు కూడా నీచు కొడతంది. ముక్కు మూసుకుని తాగుతున్నాను, తెలుసా?”

“మళ్ళీ నవ్వొకటి! ఇదిగో, అక్కే ఫోను. స్పీకర్లో పెడతాను, చెప్పు నీ ఘనకార్యం.”

“ఒరేయ్, వద్దురా, నీకు దండం...”

“అమ్మాజక్కా! బావ దాచిన బ్రాందీ ఆయిలనుకుని ట్యాంకులో పోసేశాను. ఇంజిను పోయినట్టే.”

“వల కింద సీసానా? దాంట్లో బ్రాందీ ఎక్కడిదిరా తమ్ముడూ? వారం నుంచీ రోజూ సగం పారబోసి నీళ్ళు కలిపేస్తన్నాను.”

“నీళ్ళా! అయితే పిస్టను పట్టెయ్యలేదు, నీళ్ళు లాక్కుని ఆగిపోయింది! ఉండు... తాడు లాగుతున్నా... తిరుగుతంది! బావా, తేలిగ్గా తిరుగుతంది! ట్యాంకు ఒంపేసి, రెండో డబ్బాలో పెట్రోలుకి బల్ల కింద ఉన్న ఆయిలు కలిపితే చాలు!”

“ఆయ్! చూశావా? నేను దాచబట్టి, అది నీళ్ళు కలపబట్టి నీ ఇంజిను బతికింది. ఎంతైనా నా పెళ్ళాం బంగారం. ఇంకోళ్ళైతే విషం కలుపుదురు, ఇది మంచినీళ్ళు కలిపింది.”

“మంచినీళ్ళని నేనెప్పుడన్నానండీ? రొయ్యలు వలిచాక చేతులు కడుక్కునే బేసిన్లోవి.”