ఎనిమిదో దెబ్బ

సభకు పెద్దగా కూర్చున్న మన చేవెళ్ల క్షౌరవృత్తి సంఘం అధ్యక్షులు వెంకటయ్య గారికి, మోకిల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ధనరాజ్ బాబుకు, మొయినాబాద్ పెద్దలకు, నలభై ఏళ్లు నా చేతికి గడ్డం అప్పగించి కదలకుండా కూర్చున్న మీ అందరికీ ఈ బాలమల్లు దండాలు. ఇవాళ కదిలినా ఫరవాలేదు, కత్తి నా చేతిలో లేదు. (నవ్వులు)

నేను పుస్తకం భాష మాట్లాడుతుంటే మావాళ్లు మూతికి కొంగులు అడ్డం పెట్టుకుంటున్నారు. దుకాణంలో రోజూ పేపరు పైకి చదివిన నోరు ఇది, మైకు చూస్తే అటే పోతుంది.

కత్తి నా చేతిలో లేదు గానీ, ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. ధనరాజ్ బాబు వాళ్ల తాతగారిది. పక్కనే ఇనుప దిమ్మె, చిన్న సుత్తి, ఇత్తడి తీగ. నా మాటలు కాగానే మీ అందరి ముందు దీని పిడికి నేను ఆఖరి పిన్ను కొట్టాలట. వెంకటయ్య గారు పొద్దున చెప్పారు. అప్పటి నుంచి నాకు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే బయటికి పోబుద్ధి. ఇందాక రెండుసార్లు నీళ్లకని లేచింది దాహం వేసి కాదు.

జర ఓపిక పట్టండి, ఇంకొంచెం మాట్లాడతాను.

ఇప్పుడు దుకాణాల్లో సగం బ్లేడు పెట్టి పారేసే కత్తులే కదా. మాదాపూర్‌లో కంపెనీలొచ్చి, మన దగ్గర పాత ఇళ్లు కూల్చి కొత్తవి కడుతుంటే, పెట్టెల అడుగున తాతల కత్తులు బయటపడ్డాయి. పిల్లలు వాటిని అపురూపంగా నా దగ్గరికి తెచ్చారు. పదును ఎవరైనా పెడతారు, పిడిదే కష్టం. రెండు పలచటి కొమ్ముబద్దల మధ్య కత్తిని కూర్చోబెట్టి, తీగ దూర్చి, ఆవగింజంత బయటికి వదిలి, ఆ కొనను చుట్టూ మెల్లగా కొట్టి తల చేయాలి, అదే పిన్ను. ఒక దెబ్బ తక్కువైతే కత్తి ఊగుతుంది, ఒకటి ఎక్కువైతే కొమ్ము చిట్లుతుంది. చిట్లిన కొమ్ము మళ్లీ అతకదు. వెంకటయ్య గారూ, గడియారం చూడకండి, మీ దగ్గరికే వస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఆయన వాళ్ల నాన్నగారి కత్తి తెచ్చారు. "బాలమల్లన్నా, ఇది మా బాపు చేతిల ముప్పై ఏండ్లు ఆడింది. నిన్ను తప్ప ఎవల్నీ నమ్మ" అన్నారు. బాగైన కత్తి చూసి మురిసిపోయి కొండకల్ దాకా నా పేరు చాటారు. ఇవాళ సంఘం నాకు కప్పిన ఈ శాలువా ఆ కత్తి పుణ్యమే.

(ఆగి, నీళ్లు తాగి)

అయ్యా, ఆ కత్తి పిడి నేను పగలగొట్టాను.

అప్పటికే నా కుడిచేయి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఏడు దెబ్బలకు పిన్ను చక్కగా కూర్చుంది. ఎందుకైనా మంచిదని ఎనిమిదోది వేశాను. టప్పున చిట్లింది. తల పట్టుకుని కూర్చుంటే మా కోడలు నీలవేణి, అదిగో వెనక వరుసలో తల దించుకుంది చూడండి, చాయ్ తెచ్చింది.

"ఫికర్ చెయ్యకు మామా, సుత్తి ఇటియ్యి. నువ్వు కండ్లతోని కొడుతున్నవ్. పిన్ను కూసున్నంక సప్పుడు మారుతది, ఆడ ఆపాలె. ఈ ఇంటికొచ్చినకాడికెళ్లి రోజూ ఇంటున్న గద" అన్నది.

ముప్పై ఆరేళ్లు సుత్తి పట్టినవాడికి వినపడని చప్పుడు! వేరే కొమ్ము కోసి, అరగదీసి, కొత్త బద్ద చేసి, పిన్ను కొట్టింది ఆమె. ఆ రోజు నుంచి నా దుకాణంలో బాగైన ప్రతి పిడీ ఆమెదే. మా కొడుకు ఎల్లేశ్ నోరు కూడా నేనే మూయించాను. ఆడమనిషి కత్తి పట్టిందంటే సంఘం ఏమంటుందో అని ఇంట్లో చెప్పుకున్నాను గానీ, అది సాకు. నా పేరు పోతుందని భయం. ఈ చేయి చూడండి, గ్లాసే నిలవడం లేదు. పరువు కోసం ధనరాజ్ బాబు కత్తి కూడా పగలగొట్టమంటారా?

వెంకటయ్య గారూ, శాలువా ఇక్కడ పెడుతున్నాను.

(వెంకటయ్య గారు: "నాకన్న చెప్పకపోతివి, బాలమల్లన్నా. పానం సివుక్కుమన్నది. సరే, పిలువు ఆ బిడ్డను. శాలువా గూడ ఆమెకే కప్పు.")

నీలవేణీ, రా తల్లీ. "గింతమందిలనా మామా, నాతోని గాదు" అంటోంది. వీళ్లంతా నా ముందు కళ్లు మూసుకుని మెడ చాపినవాళ్లే, వీళ్లకెందుకు భయపడతావు? రా. మైకు దిమ్మె దగ్గర పెడుతున్నాను. ఎవరూ దగ్గకండి.

(సుత్తి చప్పుడు. ఏడుసార్లు.)

ఆపింది. చప్పుడు మారిందట, మీకేమైనా వినపడిందా? నాకు ఇప్పుడూ వినపడలేదు. ధనరాజ్ బాబూ, మీ తాతగారి కత్తి ఆమె చేతి నుంచి అందుకోండి.

ఇంతసేపు నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. నేనైతే ఎనిమిదోది కూడా వేసేవాణ్ణి. అందుకే, ఇక నాకు సెలవు.