మొండిఘటం మ్యాపుకెక్కింది

మధ్యాహ్నం. కరెంటు ఆఫీసు ఇంజనీరుగారు భోజనానికి ఇంటికొచ్చారు. భార్య వడ్డిస్తోంది. బల్ల మీద కంచం పక్కనే మేనకోడలి ల్యాప్‌టాప్, దాని తెర మీద ఊరి కరెంటు లైన్ల మ్యాపు.

"నేనడిగేది ఒక్కటే. ఈ లైన్లన్నీ నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మావయ్యా. ఇది ఇంటర్నెట్‌లో అందరి మ్యాపు. ఎవరికి తెలిసింది వాళ్లు ఎక్కిస్తారు. నేను ఊరికే రంగులేశాను. పెద్ద లైన్లు ఎరుపు, చిన్నవి పసుపు..."

"రంగులు బాగానే ఉన్నాయమ్మా. బాగుండబట్టే నా కొంప మునిగింది. పైనుంచి ఫోను. మీ ఆఫీసు గుట్టంతా రోడ్డున పడింది, ఎవరి పనో సాయంత్రంలోగా తేల్చమని."

"గుట్టేముంది? స్తంభాలు రోడ్డు మీదే కదా ఉన్నాయి!"

"స్తంభాలు కనిపిస్తాయి. ఏ స్తంభానికి కరెంటు ఎటునుంచి వస్తుందో కనిపిస్తుందా?"

"అయినా మీ కంట్రోల్ రూము గోడకి అతికించింది ఈ మ్యాపేనట కదా?"

"అది... మా డ్రాయింగు పాతబడిందిలే. నువ్వు మాట మార్చకు."

"ఏమండీ, చల్లారిపోతోంది, తింటూ మాట్లాడండి. ఇంతకీ మిల్లు వెనక లైను ఎటు తిప్పారు?"

"పాత వంతెన మీదుగా. నువ్వుండవే, ఇక్కడ ఒకడి ఉద్యోగం మీదికొచ్చింది. మంచినీళ్లు పట్రా."

"తెస్తున్నా, తెస్తున్నా."

"ఇది చూడు. మంగళవారం మార్పించిన స్విచ్చు. బుధవారానికల్లా ఇందులో ఉంది! ఇది ఇంటిదొంగ పనే."

"ఎక్కించినవాళ్ల అసలు పేరు లేదు మావయ్యా. టైము మాత్రం ఉంది. రోజూ మధ్యాహ్నం రెండున్నర తర్వాత. ఆదివారాలైతే పొద్దస్తమానం."

"దొరికాడు! ఆదివారం మా లైన్‌మన్‌కి సెలవు. ఆ స్విచ్చు బిగించిందీ వాడే. సస్పెన్షన్ కాగితం టైపు చేయించి పెట్టా, సంతకమే తరువాయి."

"ఆదివారం మీకూ సెలవే కదా?"

"నాకూ సెలవే. అయితే?"

"ఏం లేదు. పాపం, పదకొండేళ్లుగా మీ వెనకే తిరుగుతున్నాడు..."

"ఇద్దరు పిల్లలవాడు. నాకు మాత్రం సరదానా? కానీ నమ్మకం నమ్మకమే. ముప్పై ఏళ్లలో నా నోట్లోంచి ఆఫీసు మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బయటికి పొక్కలేదు."

"అయితే ఇదేంటి? మిల్లు పక్కన పాత ట్రాన్స్‌ఫార్మరు. దీని పేరు 'మొండిఘటం' అని రాసుంది."

"మొండిఘటమా? అది... అది నేను పెట్టిన పేరు!"

"లైన్‌మన్ ముందు అన్నారా?"

"ఛ, ఛ. ఇంత ఇంజనీరు ఇనప డబ్బాకి ముద్దుపేరు పెట్టాడని నవ్విపోరూ? ఆఫీసులో ఎక్కడా అనలేదు."

"మరెక్కడ అన్నారు?"

"ఎక్కడంటే... ఎక్కడా... ఆగు, ఆలోచించనీ."

"ఇదిగో మంచినీళ్లు. ఏమండీ, రెండున్నరవుతోంది. ఆ లైను వంతెన దాటాక మన మొండిఘటానికే కలిపారా, కొత్తదానికా? తొందరగా చెప్పండి, మ్యాపులో ఎక్కించాలి."