కుడిపక్క సీటు

హైటెక్ సిటీ కొత్త భవనం ముందు, అంత దుమ్ములోనూ మెరుస్తున్న ఎర్రటి పాత జర్మన్ స్పోర్ట్స్ కారు చుట్టూ సాఫ్ట్‌వేర్ కుర్రాడు తిరిగి తిరిగి చూస్తున్నాడు. అమ్మడానికి తెచ్చిన ముసలాయనకు మాత్రం దాని తలుపు మీద నుంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు.

“కొత్తదానిలా ఉందండీ! ఎవరు బాగుచేశారు?”

“నేను, మా ఇంటామె ఎస్తేరు. ఇంజన్ పని నాది, సీట్ల కుట్టుపని ఆమెది.”

“ఇంత ఇష్టంగా చేసుకుని, అమ్మడం ఎందుకండీ?”

“స్టీరింగ్ ఎడమదిక్కున్నది, చూసినవా బాబూ? ముందట లారీ ఉంటే ఎదురొచ్చే బండ్లు నాకు కనబడవు. కుడిపక్క సీట్ల కూసోని ఆమెనే తొంగిచూసి, ‘ఇగ పోనియ్యి’ అనేది. అంటేనే దాటుతుంటి.”

“ఇప్పుడు ఆవిడ రావడం లేదాండీ?”

“మొన్న క్రిస్మస్ ముందట ప్రభువు పిలుచుకున్నడు.”

కుర్రాడు అద్దంలోంచి ఆ ఖాళీ సీటు వైపు చూశాడు.

“మరి ఇవాళ మియాపూర్ నుంచి ఒక్కరే ఎలా వచ్చారండీ?”

“ఇసుక లారీ ఎనకాల. అది ఆగితే ఆగిన, కదిలితే కదిలిన. రోడ్డు ఖాళీగనే ఉన్నదేమో బాబూ. పోనియ్యి అనేటోళ్ళే లేకపాయె.”